మొయిజ్ చెవులు

ఇబ్రహీంపట్నంలో మొయిజ్‌వి పాము చెవులని పేరు. పెళ్లి బరాత్‌లలో డీజే డబ్బాల ముందు ఏళ్ల తరబడి నిలబడి నిలబడి, ఇప్పుడు సొంతంగా పాటలు రికార్డు చేసే గది పెట్టుకున్నాడు. చీమ చిటుక్కుమన్నా పట్టేస్తానంటాడు. అంత గొప్ప చెవులకూ కూతురు సల్మా పట్టీలే ఎందుకో ఆనలేదు. మువ్వలు మూగవని కంసాలి రాంచంద్రతో తగాదా పడి కొత్తవి వేయించుకొచ్చాడు. అవీ నచ్చలేదు.

ఆ ఆదివారం దోస్తు మహిధర్ వచ్చి కూర్చున్నాడు. పీరీల పండుగ పాటలు హై రిజల్యూషన్‌లో, పెద్ద పెద్ద ఫైళ్లుగా రికార్డు చేస్తానని మొయిజ్ ఊరంతా చాటుకోవడం అతనికి నవ్వులాటగా ఉంది.

"గా పెద్ద ఫైలుకూ ఫోన్ల వినే చిన్న ఫైలుకూ తేడా మనిషి చెవికి తెల్వదు. ఉత్త ముచ్చట," అన్నాడు.

"నీ చెవికి తెల్వదు. నాకు తెలుస్తది. తెల్వకుంటే ఈ పనే బంద్ జేస్త," అని మొయిజ్ నోరు జారాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని గోడవైపు తిరిగాడు. మహిధర్ వేళ్లతో సైగ చేసినట్టల్లా మొయిజ్ భార్య సుహానా ఒకసారి పెద్ద ఫైలు, ఒకసారి చిన్న ఫైలు పెట్టింది. మొయిజ్ ఒక్కటీ తప్పలేదు. "గిది పెద్దది! గొంతు ఎట్ల విచ్చుకున్నదో!" అని తొడ చరిచాడు. మహిధర్ ముఖం మాడ్చుకుని, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

సుహానా మాత్రం నవ్వలేదు.

"పెద్దది పెట్టినప్పుడల్లా ఆవాజ్ జర పెంచిన," అంది.

మొయిజ్‌కు కోపం నషాళానికంటింది. "ఎవరు పెంచమన్నరు నిన్ను?"

"ఓడితే పని బంద్ అంటివి. మరేం జెయ్యాలె?"

ఆవాజ్ ముట్టుకోకుండా మళ్లీ పెట్టమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"గా తేడా ఎవ్వరికీ తెల్వదేమో. దానికి నాకు ఫికర్ లేదు," అంది సుహానా. "సల్మా పట్టీలు మోగుతనే ఉన్నయ్. మొదటి మువ్వలు సుత మోగినయ్. రాంచంద్రన్నకు మొఖం చూపెట్టలేకపోతున్న. దవాఖానకు పోదాం పా."

అబద్ధమని మొయిజ్ అరిచాడు. అంత భయం అతనికి ఎన్నడూ వేయలేదు. ఆ అరుపుకు వాకిట్లో ఆడుకుంటున్న సల్మా పరుగెత్తుకొచ్చింది. గచ్చు మీద పాదాలు టపటపమన్నాయి. వాటి వెంట రావాల్సిన సన్నని మువ్వల సవ్వడి రాలేదు.

"జర ఎగురు బేటా," అన్నాడు.

పిల్ల ఎగిరింది. మువ్వలు ఊగడం కళ్లారా చూశాడు.

"ఇప్పుడన్న మంచిగ మోగుతున్నయా అబ్బాజాన్?" పిల్ల ఆశగా అడిగింది.

"మస్తు మోగుతున్నయ్ బేటా," అన్నాడు మొయిజ్.

సుహానా ముఖం పక్కకు తిప్పుకుంది. తన చెప్పులెక్కడున్నాయని ఆమెను అడిగాడు.