కొత్త కంప్యూటరుకు చాల్యా

పాత కంప్యూటరు చావదు, బతకదు. బసీలియా దాని మీద అంగీ చెయ్యి ఒక్కదాని కుట్టుపని గీస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండేది. మొరెనాద నాట్యానికి వేసుకునే నిండు అంగీని, జరీతో, ముత్యాలతో, వీపు మీది రెక్కల పాముతో సహా తెర మీద గిర్రున తిప్పి చూపమంటే మాత్రం కొయ్యబారిపోయేది.

శనివారం మధ్యాహ్నం నికనోర్, ఆయన భార్య సబీనా చూడటానికి వస్తున్నది సరిగ్గా ఆ నిండు అంగీనే. ఈ ఏడు నాట్యబృందం పండుగ భారమంతా ఆ దంపతులదే, కనుక అందరి దుస్తులూ ఎవరు కుట్టాలో తేల్చేదీ వాళ్లే. వాళ్లు ఊ అంటే ఎల్ ఆల్తోలోని బసీలియా ఇరుకు కుట్టుగదికి ఏడాది పొడవునా పని. లేదంటే ఆ పని ఎదురువీధి దుకాణానికి పోతుంది. అప్పుడు కుట్టుమిషను అమ్ముకోవడం తప్ప దారిలేదని బసీలియాకు తెలుసు.

అందుకే గురువారం బసీలియా, ఆమె మొగుడు సెవెరో కేబుల్ కారెక్కి కిందికి, లా పాజ్‌లోని కంప్యూటర్ల వీధికి దిగారు. తెచ్చుకున్న నాలుగు వేల బొలీవియానోల్లో అన్నీ రావు. ఏది వదులుకోవాలన్నదే తగువు.

సెవెరో కళ్లు రంగురంగుల దీపాలున్న గ్రాఫిక్స్ కార్డు మీద పడ్డాయి. ఇక అక్కణ్ణించి కదలలేదు.

"చూడవే, ఎట్టా మెరుస్తుందో. వచ్చినోళ్లు దీన్ని చూస్తేనే సగం పడిపోతారు."

"వాళ్లొచ్చేది అంగీ చూడ్డానికయ్యా, డబ్బా చూడ్డానికి కాదు. పైన పటారం, లోన లొటారం నాకొద్దు. కార్డు మామూలుది చాలు. మెమరీ రెండింతలు కావాలి, ప్రాసెసర్ మీదికి పెద్ద కూలర్ కావాలి."

"కూలరా? తెల్లారేసరికి బకెట్లో నీళ్లు గడ్డకట్టే ఊళ్లో నీకు కూలరా?" సెవెరో కొట్టు నడిపే ఆమె వైపు తిరిగి నవ్వాడు. "విన్నావా అక్కా? రేపు దీనికి ఐసుపెట్టె కూడా అడుగుద్ది."

"మనింట్లో ఆలుగడ్డ ఎంతసేపటికి ఉడుకుద్ది?" అంది బసీలియా.

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఇంత ఎత్తులో గాలి పలచన. నీళ్లు సరిగా కాగకుండానే మరుగుతాయి, గడ్డ ఉడకదు. ఆ పలచగాలి వేడినీ మొయ్యలేదు. కింద మైదానంలో శాంతాక్రూజ్ ఉక్కలో సరిపోయే ఫ్యాను ఇక్కడి చలిలో చాలదు. పాతది ఊరికే పోలేదు, ఉడికి పోయింది."

కొట్టామెకు ఏది అమ్మినా ఒకటే కనుక ఇద్దరికీ తల ఊపింది. చివరికి రాజీ కుదిరింది. లోపలి సరుకంతా బసీలియా మాట, పైడబ్బా సెవెరో మాట. అతను ఏరుకున్నది పక్కన అద్దం, ముందు దీపాలు, నెత్తిన జల్లెడలాంటి మూత ఉన్న డబ్బా. మొగుడి ముఖం చూసి బసీలియా ఇంకేమీ అనలేదు.

శుక్రవారం పొద్దున అంగీ తెర మీద నీళ్లలో చేపలా తిరిగింది. సెవెరో వెంటనే చాల్యా పూజ సంగతెత్తాడు. ఇల్లు కొన్నా, బండి కొన్నా, కుండ కొన్నా నేలతల్లికి నాలుగు చుక్కల సారా పోసి, రంగుకాగితం ముక్కలు చల్లి, కాగితం రిబ్బన్లు చుట్టాల్సిందే. శుక్రవారమే మంచిరోజు.

"రేపు వాళ్లొచ్చి వెళ్లాక చేద్దాం," అంది బసీలియా. "ఇవాళ దానిమీద చుక్క పడిందో, నీకూ నాకూ చెల్లు."

"తల్లికి పెట్టకుండా మొదలెడితే అచ్చిరాదే."

"ఒక్కరోజు ఆగుద్దిలే తల్లి."

శనివారం వచ్చారు. సబీనా నల్ల టోపీ సర్దుకుని, పెట్టిన సాల్తేన్యాను, ఆ మాంసం కజ్జికాయను, చివర కొరికి రసం పీల్చి, ఒక్కమాటా మెచ్చుకోలుగా అనకుండా కూర్చుంది. బసీలియా అంగీ తెరిచింది. ముందు రొమ్ముభాగం, తర్వాత భుజాలు. నికనోర్ ముందుకు వంగాడు. ఆమె మొత్తం అంగీని తిప్పడం మొదలుపెట్టింది. వీపు మీది పాము సగం కనబడింది.

తెర నల్లబడింది.

మళ్లీ నొక్కింది. దీపాలు వెలిగాయి, కాసేపు ఆడింది, మళ్లీ ఆరిపోయింది. బసీలియా తీగలన్నీ ఒకసారి నొక్కి చూసింది. కూలర్ కావాలని పట్టుబట్టింది తనే. తప్పు సరుకు కొన్నదీ తనేనా?

"ఎదురువీధిలో తెర ఇంకా పెద్దది," అన్నాడు నికనోర్, ఎవరితోనూ కాకుండా. సబీనా శాలువా ముడి బిగించుకుని లేచింది.

ఎప్పుడు ఏది చెడినా "నే చెప్పలా?" అనే మనిషి సెవెరో. ఇప్పుడతను గోడ వైపు చూస్తున్నాడు. దాంతో బసీలియాకు అర్థమైంది. నిన్న తను సంతకెళ్లి వచ్చేసరికి నేల ఎందుకంత శుభ్రంగా ఊడ్చి ఉందో కూడా అర్థమైంది.

ప్లగ్గు పీకి, డబ్బా ఇటు తిప్పి, గోడవైపున్న అద్దం తీసింది. జల్లెడ మూతలోంచి జారిన పసుపు రిబ్బను కూలర్ ఫ్యానుకు నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. రేకుల మధ్య ఎరుపు, ఆకుపచ్చ కాగితం ముక్కలు కిక్కిరిసి ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నలుగురిలో మొగుణ్ణి కడిగేయడానికి నోటిదాకా వచ్చిన మాటను మింగి, రిబ్బను లాగి పిడికిట్లో దాచుకుంది.

"ఒక్క నిమిషం కూర్చోండి దొరసానీ. ఒక్కటే," అంది.

సబీనా కూర్చోలేదు. గుమ్మం దాకా పోలేదు కూడా. డబ్బా పక్కనే నిలబడింది.

బసీలియా అద్దం పెట్టకుండానే ప్లగ్గు పెట్టి నొక్కింది. పెద్ద ఫ్యాను ఒక్కసారి గట్టిగా తిరిగింది. రేకుల్లో ఇరుక్కున్న కాగితం ముక్కలన్నీ బయటికి ఎగిరి, సబీనా టోపీ మీద, శాలువా మీద, సాల్తేన్యాల పళ్లెంలో రాలాయి.

బసీలియా అంగీని మళ్లీ తెరిచి తిప్పింది. తెర మీద రెక్కల పాము ఆగకుండా తిరుగుతోంది.

రంగుముక్కలు పడేది పెళ్లివాళ్ల మీద, పండుగ మోసేవాళ్ల మీద. పడ్డ ఆ దీవెనను దులుపుకునే మనిషి ఆ ఊళ్లో లేడు. సబీనా చెయ్యి భుజం దాకా వెళ్లి ఆగింది. ఆమె సెవెరో ముఖం చూసింది, అతని చెమట చూసింది.

"చాల్యా నువ్వేనా చేసింది?"

"నేనేనండి," అన్నాడు సెవెరో నేల చూస్తూ. "ఆమె వద్దనే చెప్పింది. అచ్చిరాదని భయమేసింది."

సబీనా ముక్కలను అలాగే ఉంచుకుని కూర్చుంది. అంగీ మూడు చుట్లు తిరిగేదాకా చూసింది.

"పాము రెక్కల ఆకుపచ్చ ఇంకొంచెం ముదరాలి," అంది. "మా మగాళ్లను కొలతలకు ఎప్పుడు పంపమంటావు?"

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా బసీలియా గుమ్మంలోనే నిలబడింది. లోపలికి వచ్చి పిడికిలి విప్పి, నలిగిన పసుపు రిబ్బనును మొగుడి మెడలో వేసింది. అప్పుడు ఏడ్చింది.

"సారా తీసుకురా," అంది ముక్కు తుడుచుకుంటూ. "మిగిలింది పోద్దాం. బయట, నేల మీద."