ఇల్కా పనికొస్తుందా

రోజ్వితకి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. తోక ఊపే తీరు చూసి కుక్క తాతముత్తాతల స్వభావం చెప్పేస్తాడు ఎకార్ట్. ఎదురుగా కూర్చుని సూప్ తాగుతున్న పెళ్ళాం పొద్దుటి నుంచీ నోరు విప్పలేదని మాత్రం కనిపెట్టలేడు. అదొక్కటీ మినహాయిస్తే మనిషి బంగారం. బంగారం లాగే బరువు కూడా.

ఆ శనివారం ఆమె ప్లమ్ కేకు అచ్చులోంచి తీస్తోంది. క్లబ్బు మైదానంలో కుక్కల పరీక్ష ఉన్న రోజున కేకులూ కాఫీ ఆడవాళ్ళ వంతు. ఎవరూ అడగరు, ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం అందరూ గమనిస్తారు. ఈసారి పరీక్ష వాళ్ళ ఆడకుక్క ఇల్కాకే. నెగ్గితే పిల్లల్ని కనడానికి పనికొస్తుందని ముద్ర పడుతుంది.

"నెగ్గకపోతే వచ్చే వారమే అమ్మేస్తా," అన్నాడు ఎకార్ట్ రొట్టెకి జామ్ రాసుకుంటూ. "పనికిరాని ఆడకుక్కకి తిండి దండగ."

కత్తి తుడుస్తున్న ఆమె చేయి ఆగింది. ఏళ్ళ కిందట తనకి రెండో కడుపూ నిలవనప్పుడు అత్తగారు ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి, "మంచి జాతే అనుకున్నాం కదరా ఎకార్ట్," అంది. కుక్కలు పెంచేవాళ్ళింట్లో అది సరసమట. ఎకార్ట్ నవ్వాడు. ఆ తర్వాత ఇంట్లో కుక్కల కాన్పులన్నీ రోజ్వితవే అయ్యాయి. కుక్క ఈనే పెట్టె పక్కన పరుపు వేసుకుని పడుకోవడం, తడిసిన గుడ్డలు ఉతకడం, పాలందని పిల్లకి సీసా పట్టడం. ఇల్కా అలా సీసాతో బతికిందే. ఒక ఈత పిల్లలన్నిటికీ ఒకే అక్షరంతో పేర్లు పెట్టాలి గనక, ఆ పేర్లు వెతికిందీ ఆమే. కాగితాల మీద పెంపకందారు మాత్రం ఎకార్ట్. "నీకేం, ఇంట్లోనే ఉంటావుగా," అంటాడు.

కాగితంలో పేరున్నవాళ్ళే పరీక్షలో కుక్క మెడపట్టీ పట్టుకోవాలని క్లబ్బు నియమం. ఇంట్లో ఎన్నడూ పట్టుకోని పట్టీని ఎకార్ట్ దర్జాగా అందుకున్నాడు.

పరీక్షించే టీడెమన్ గారు మాట తక్కువ మనిషి. ఆవిడ ఇల్కా పళ్ళు చూసింది, భుజం ఎత్తు కొలిచింది. బెదురుతుందేమో చూడ్డానికి పదిమంది కొత్తవాళ్ళు చుట్టూ మూగారు. ఇల్కా వాళ్ళ చేతులు వాసన చూసింది. ముఖం మీదే గొడుగు తెరిచారు. అందులో ఏముందో అని తొంగి చూసింది. తుపాకీ పేలింది. చెవి కదిపి ఊరుకుంది. కంచె దగ్గర కేకు కోస్తున్న రోజ్విత అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

అంతలో పట్టీ ఎకార్ట్ కాళ్ళకి చుట్టుకుంది. "ఏయ్," అని అరిచి, విడదీయడానికి చెయ్యెత్తాడు.

ఇల్కా పొట్ట నేలకి ఆనించి కూలబడింది. తుపాకీకి బెదరని కుక్క ఉచ్చ పోసుకుంది. కంచె ఇవతల రోజ్విత చటుక్కున వెనక్కి జరిగింది; మోచెయ్యి తగిలి కాఫీ కప్పు దొర్లింది.

టీడెమన్ గారు కుక్క వైపు కాదు, కంచె వైపు చూసింది.

"వంటింట్లో పెరిగిందండీ," అని నవ్వాడు ఎకార్ట్. "మా ఆవిడ గారం చేసి చెడగొట్టింది."

"గారం చేసిన కుక్క ఇలా పడుకోదు. దీనికి లోకమంటే భయం లేదు, ఒక్క మనిషంటే ఉంది. నేను పాస్ చెయ్యను." ఆవిడ కాగితం మడిచింది. "మీ ఆవిడ కూడా వెనక్కి జరిగారు. చూశారా?"

ఎకార్ట్ చూడలేదు.

కారు దగ్గర రోజ్విత అతని చేతిలోంచి పట్టీ తీసుకుంది. "మేం మా చెల్లెలింటికి వెళ్తున్నాం. బస్సుంది."

"మేం అంటే?"

"పనికిరానివాళ్ళం. ఇద్దరమేగా."

ఎకార్ట్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నీది కాదే," అన్నాడు ఇల్కాతో. "నాది."

ఇల్కా రోజ్విత కాళ్ళ వెనక్కి నక్కింది. రోజ్వితకి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు తను ఎదురుచూసిన మాట, నిన్నగాక మొన్న కళ్ళు తెరిచిన కుక్కకి దక్కింది.

"లేచి చెప్పు. ఆస్పత్రిలో నవ్వినదానిక్కూడా కలిపి."

మలుపులో బస్సు కనిపించింది. దాన్ని ఆపడానికి ఆమె చెయ్యెత్తింది. ఈసారి వెనక్కి జరిగింది ఎకార్ట్. టోపీ తీసి చేతుల్లో నలిపాడు. అతని గొంతు అంత చిన్నగా ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఆ రోజు నవ్వకూడదు. నాదే తప్పు, రోజ్వితా."