కుట్టుమిషన్ మోత

మా కెప్టెన్‌ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ పేరు నేను పెట్టిందే. వేరే దేశంలో కూర్చుని, తెర మీద మా అందరికీ పనులు పంచే తోటి విద్యార్థి అతను. అంతర్జాతీయ వ్యాపారం కోర్సులో నాలుగు దేశాల వాళ్లం ఒక జట్టు. ఒకరి ముఖం ఒకరం కంప్యూటర్‌లో చూసుకోవడమే.

మీటింగ్‌లో ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టేనన్నది అతని రూలు. నేనేమో మైకు ఆపేసి కూర్చునేదాన్ని. నా వెనకే మా వదిన కుట్టుమిషన్. ఉన్నది ఒకటే గది, అది ఆగితే మా ఇల్లు గడవదు. ఆ మోత వాళ్ల చెవిన పడితే ఏం బాగుంటుందని నా మర్యాద. చెప్పాల్సిందంతా తర్వాత రాసి పంపేదాన్ని. కొనేవాళ్ల అభిప్రాయాలు సేకరించే పని మొత్తం నాదే. ఇంటింటికీ తిరిగి కాళ్లరిగిపోయాయి.

చివర్లో ఒకరికొకరం మార్కులు వేసుకోవాలి. అందరూ కలిసి నాకు సున్నా చుట్టారు. "ఆమె నోరే విప్పదు" అని కెప్టెన్ రాశాడు. ఆ సున్నా అలాగే ఉంటే నేను ఈ ఏడాదంతా మళ్లీ చదవాలి.

"నోట్లో ఏం పెట్టుకున్నావే, వాళ్లని అడక్కుండా?" అంది వదిన, సంగతి విని.

"నీ మిషన్ మోత వినపడుతుందని మైకు ఆపేశాను వదినా."

వదిన ముఖం ఎర్రబడింది. "నా మిషనేమన్నా దొంగసొత్తా, దాచిపెట్టడానికి?"

ఆఖరి మీటింగ్‌కి మా ప్రొఫెసర్ వచ్చారు. విద్యార్థుల సంతృప్తి మీద ఆయన పరిశోధన. "ఈ జట్టులో చిన్న గొడవ కూడా లేదు. అందరికంటే మీరే సంతృప్తిగా ఉన్నారు" అని మురిసిపోయారు. గొడవపడాల్సిన మనిషిని సున్నాతో పక్కన కూర్చోబెడితే ఇక గొడవెక్కడిది?

మైకు తెరిచాను. మిషన్ మోత నాలుగు దేశాల్లోనూ వినపడింది.

"ఏదో శబ్దం వస్తోంది. మైకు ఆపెయ్" అన్నాడు కెప్టెన్.

"ఆపను. మీ రిపోర్టులో సర్వే అంతా నేను తిరిగి చేసింది. ఈ శబ్దం మీకెందుకని ఇన్నాళ్లూ నోరు నొక్కుకున్నాను. నీ మాటేంటని ఒక్కరన్నా అడిగారా? నేను సంతృప్తిగా లేను సార్. అది కూడా రాసుకోండి."

 ప్రొఫెసర్ కాగితం దగ్గరికి లాక్కుని నా మాట రాసుకున్నారు.

"నువ్వు పంపినవన్నీ చూస్తాను. అందాకా ఆ మార్కులు పక్కన పెడతాను."

నా మాటకి అడ్డమవుతుందేమోనని వదిన పెడల్ మీంచి కాలు తీయబోయింది.

"ఆపకు వదినా," అన్నాను. "నేనింకా మాట్లాడాలి."