పోతపోసిన రేకు

మొయినాబాద్‌లో ప్రేమదాసు మెచ్చిన మనిషి లేడు. పాస్టరుగారి ప్రసంగం కూడా అతని లెక్కలో తుప్పు రేకే. ఇరవై ఏళ్లు పట్నంలో ఓ ఇనుప కార్ఖానాలో రేకులు మడిచినవాడికి, రేకంటే తెలియని మనుషులంతా గొడ్లతో సమానం. అరవైతొమ్మిది ఎండాకాలంలో తెలంగాణ ఉద్యమం ముదిరి కార్ఖానా గేటు మూతపడింది. ఇంటి ముందు పందిరి వేసి, ఒక మూల కొలిమి పెట్టి, ధాన్యం డబ్బాలు చేస్తూ, వచ్చిన ప్రతివాడినీ తిడుతూ రోజులు వెళ్లదీస్తున్నాడు.

బస్సులు నడవని ఆ రోజుల్లో ఒకనాడు పక్కూరు సురంగల్ కుర్రాడు ఎల్లేశ్ పట్నం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి పందిరి ముందు దిగాడు. అదే కార్ఖానాలో కొత్తగా చేరిన ఇంజనీరు. సైకిలు వెనక గోనెసంచిలో నాలుగు రేకు ముక్కలు.

"కాకా, జర ఇవి మడిచి చూడు. కార్ఖానా బందు గాకముందు, కరిగిన ఉక్కును తిరిగే రెండు రోలర్ల నడుమ పోసి ఒక్కసారే రేకు చేసినం. దిమ్మె పోసుడు లేదు, పదిసార్లు సాగదీసుడు లేదు."

ప్రేమదాసు ఒక ముక్కను బొటనవేలితో రుద్దాడు. గరుకుగా తగిలింది. పక్కకు ఉమ్మాడు.

"రేకా ఇది? మాడిన జొన్నరొట్టె. మనోళ్లకు నౌకర్లు గావాలని నేను లాఠీదెబ్బలు తిన్నది నువ్వు గిసొంటి రొట్టెలు కాల్చనీకేనా?"

డబ్బా కోసం వచ్చి కూర్చున్న బీరయ్య పకపకా నవ్వాడు. ఎల్లేశ్ ముఖం కందింది. అయినా కదల్లేదు.

"మిల్లు రేకు ఒక దిక్కే సాగుతది గద కాకా. లోపలి ఉక్కు రవ్వ గూడ ఆ దిక్కే పండుకుంటది. ఇది పోసిన కాడనే గడ్డకట్టింది. దీనికి దిక్కు లేదు."

"దిక్కులేనిదని నువ్వే ఒప్పుకుంటున్నవు గద!"

మిల్లు రేకును సాగిన దారి వెంట మడిస్తే చీలుతుందని, అడ్డంగా మడిస్తే నిలుస్తుందని ప్రేమదాసు చేతులకు తెలుసు. కుర్రవాణ్ణి నవ్వులపాలు చేద్దామని ముక్కను నిలువుగా మడిచాడు. చీలలేదు. ఇంకో ముక్క తీసి అడ్డంగా మడిచాడు. అదీ చీలలేదు. బీరయ్య నవ్వు ఈసారి ప్రేమదాసు వైపు తిరిగింది.

"నోర్ముయ్యిరా బీరిగా! డబ్బాకు మూత పెట్టుడు గూడ రాదు నీకు."

ఆ కోపంతోనే మడతను సుత్తితో పూర్తిగా అణగగొట్టాడు. రేకు పైచర్మం నారింజతొక్కలా గరుకుగా లేచి, టప్పున పగిలింది. పగులులో ముతక ఉప్పులాంటి రవ్వ మెరిసింది.

"చూస్తివా నీ ఇంజనీరు చదువు!" అని వీధంతా వినేలా అరిచాడు.

ఎల్లేశ్ సిగ్గుపడలేదు. పగులును ఎండకు పట్టి చూసి, జేబులోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. ప్రేమదాసుకు ఒళ్లు మండింది. పడ్డవాడు ఏడవకపోతే తిట్టు తిట్టినవాడి నోట్లోనే చేదెక్కుతుంది.

"రవ్వ పెద్దగున్నది కాకా. సన్నగ కావాలంటే ఎట్ల?"

"చదువుకున్నోడివి నువ్వు. నన్నడుగుతవా?"

కొలిమి తిత్తి దగ్గర కూర్చున్న ప్రేమదాసు భార్య ధనమ్మ లేచింది. ఆ నోటిని పెళ్లినాటి నుంచి భరిస్తున్న మనిషి. మూడో ముక్కను కొలిమిలో పెట్టింది. ఎర్రగా కాగాక పట్టకారుతో దాగలి మీదికి తెచ్చి, ఆ చివర నుంచి ఈ చివర దాకా సమ్మెటతో కొట్టి సాగదీసింది. చల్లారాక మడిచి, అణగగొట్టింది. పగల్లేదు.

"వేడి మీదనే ఒక్కసారి నొక్కాలె!" ఎల్లేశ్ మళ్లీ నోటుబుక్కు తీశాడు. "కింద ఇంకో జత రోలర్లు పెడితే సాలు. రిపోర్టుల నీ పేరు గూడ రాస్త కాకా."

"గా దరిద్రపు రొట్టె మీద నా పేరా? రాసినవంటే చెయ్యి ఇరగ్గొడ్త."

"ఆయన పేరొద్దు బిడ్డా," అంది ధనమ్మ, కొంగుతో చెమట తుడుచుకుంటూ. "నా పేరు రాసుకో. ధనమ్మ. కొట్టింది నేను."

ఎల్లేశ్ రాసుకున్నాడు. ప్రేమదాసు మాత్రం పొద్దుగూకేదాకా బీరయ్య డబ్బాను తిడుతూనే ఉన్నాడు.