బల్ల మీద పంది తొడ

వేడినీటి బుగ్గల దగ్గరున్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం ఒకటి ఖాళీ అయిందని తెలిసిన రోజు నుంచీ నెవెన అద్దాన్ని వదల్లేదు. బీరువా ముందు కుర్చీ వేసుకుని, వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఈ ఉద్యోగం మీకెందుకు కావాలి?" అని తనే అడిగి తనే జవాబు చెప్పుకునేది. తుంటి ఎముక మార్చిన రోగిని మంచం మీంచి ఎలా లేపాలో తల్లిని పడుకోబెట్టి మరీ సాధన చేసింది.

"చంపకే నన్ను," అంది తల్లి రాదొయ్కా నడుం పట్టుకుని. "ఈ కుస్తీ అంతా ఎవడు చూడొచ్చాడే అక్కడ? కూమ్ మిలాదిన్‌తో ఒక్క ముక్క చెబితే పోయేదానికి!"

"ఇంకోసారి ఆ పేరెత్తావంటే ఇంట్లోంచి పోతా."

మిలాదిన్ నెవెనకు జ్ఞానతండ్రి, బాప్తిస్మంలో ఆమెను చేతుల్లోకి తీసుకున్నవాడు. అందుకే ఆ ఇంటికి అతను కూమ్. కన్నతండ్రి మాటైనా తోసెయ్యొచ్చు గానీ కూమ్ మాట తోసెయ్యడానికి లేదు. పైగా ఆసుపత్రి డైరెక్టరూ అతనూ వేటలో జోడీ. అతను చెబితే పని ఇట్టే అయిపోతుంది. నెవెనకు రోత పుట్టించేది సరిగ్గా అదే.

చదువు ముగించి ఆరేళ్లయింది. వెళ్లిన ప్రతిచోటా ఎవడి మరదలో, ఎవడి మేనకోడలో ముందే ఖాయమై ఉండేది. కాలు మీద కాలేసుకుని, గోళ్లు చూసుకుంటూ, తక్కినవాళ్లని జాలిగా పలకరించేది. ఆ పలకరింపు తలుచుకుంటే నెవెనకు ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది. ఈ ఉద్యోగం వస్తే తన చదువుకి రావాలి, లేకపోతే అక్కర్లేదు. తల్లిని సెయింట్ నికోలా పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. రాదొయ్కా పటం వైపు చూడకుండా ఒట్టు వేసింది.

ఇంటర్వ్యూ రోజున వరండాలో ఇద్దరే ఉన్నారు. రెండో ఆమె పేరు జోరిత్సా, నలభై దాటి ఉంటుంది. రెండు బస్సులు మారి వచ్చింది. బురద బూట్లు సంచిలో పెట్టి, మంచి జోడు తొడుక్కుంటూ నెవెనను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏం పిల్లా, కాలరు మడతపడింది. ఇటు తిరుగు." తనే సర్దింది. "నీకు భయం లేదా? నాకు నాలుక పిడచకట్టుకుపోతోంది."

"నాకూ అంతే అక్కా."

"అయితే నువ్వు నన్ను అడుగు, నేను నిన్ను అడుగుతా. కాసేపు మనమే డైరెక్టర్లం."

ఇద్దరూ నవ్వుకుంటూ ఒకరినొకరు ప్రశ్నలడుక్కున్నారు. జోరిత్సా తడబడ్డ చోట నెవెన అందించింది, నెవెన మరీ పుస్తకంలా మాట్లాడిన చోట జోరిత్సా మొట్టికాయ వేసింది. ఇద్దరిలో ఎవరికొచ్చినా బాగానే ఉంటుందని నెవెనకు నిజంగా అనిపించింది. అంతలో లోపలినుంచి నెవెన పేరు పిలిచారు.

తలుపు తియ్యగానే పొగబెట్టిన మాంసం వాసన గుప్పుమంది. బల్ల వెనక డైరెక్టర్ వూకషిన్, లాయరమ్మ, పెద్దడాక్టరు వరసగా కూర్చుని నములుతున్నారు. బల్ల మీద పంది తొడ, దాని కింద ఎర్రగళ్ల గుడ్డ. ఆ గుడ్డ నెవెన ఇంటిది. ఇంటి పండక్కని అటక మీద చలికాలమంతా పొగబెట్టిన తొడ అది. ఆమె ముఖం భగ్గుమంది.

"రా అమ్మాయ్, కూర్చో! మా మిలాదిన్ మోకాలు ఎలా ఉంది?"

"నమస్కారమండీ. నా పేరు నెవెన, నేను..."

"తెలుసులే, నిన్న మీ అమ్మా అతనూ కలిసి వచ్చారుగా. మొదటి తారీఖున చేరిపో." వూకషిన్ వేళ్లు నాక్కుని ఇంకో ముక్క కోశాడు. కొవ్వు అతని గడ్డం మీద మెరిసింది. పెద్దడాక్టరు పళ్లసందుల్లో గోరు పెట్టి కెలుక్కుంటున్నాడు. వీళ్ల ముందు ఎలా కూర్చోవాలనా ఇన్ని రోజులు అద్దం ముందు తగలడింది! నెవెనకు వాళ్ల మీదా, తల్లి మీదా, తన ఇస్త్రీ చొక్కా మీదా అసహ్యం వేసింది.

"ఒక్క ప్రశ్నైనా అడగండి సార్," అంది. "తుంటి ఆపరేషన్ అయినవాళ్ల గురించైనా..."

ముగ్గురూ పగలబడి నవ్వారు.

"అడగాల్సిందేనంటావా? సరే." వూకషిన్ కత్తి మొనకి ముక్క గుచ్చి ఆమె ముఖం ముందుకి చాపాడు. "ఉప్పు సరిపోయిందా?"

"బయట ఇంకో ఆవిడ కూర్చుని ఉన్నారు."

"ఉండాలిగా మరి," అంది లాయరమ్మ చేతులు తుడుచుకుంటూ. "ఒక్కరే వస్తే దాన్ని పోటీ అనరు తల్లీ."

కత్తి అలాగే ఉంది. లేచి పోవచ్చు, తలుపు నాలుగడుగులు కూడా లేదు. కిటికీలోంచి రోగుల వేడినీటి కొలను కనిపిస్తోంది. ఒక ముసలాయన గట్టు కమ్మీ పట్టుకుని, నీళ్లలో ఎడంకాలు ఎత్తలేక ఎత్తుతున్నాడు. పక్కన ఎవరూ లేరు. ఆరేళ్లుగా ఆమె చేతులు ఆ పని కోసమే కొట్టుకుపోతున్నాయి. నెవెన నోరు తెరిచి ముక్క అందుకుంది.

మాంసం చాలా రుచిగా ఉంది. ఛీ, కనీసం అదైనా చెడిపోయి ఉంటే బాగుండేది.

"సరిపోయింది," అంది.

బయటికి రాగానే జోరిత్సా ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఏం అడిగారే? త్వరగా చెప్పు, పిలిచేస్తారు."

ఏమీ అడగలేదు అక్కా, నువ్వింటికి పో. ఆ మాట నెవెన నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే జోరిత్సా ఊరుకునే మనిషి కాదు, తలుపు తోసుకుని లోపలికెళ్లి నిలదీస్తుంది. గొడవవుతుంది. మొదటి తారీఖు పోతుంది.

"తుంటి ఆపరేషన్ గురించి అడిగారు," అంది నెవెన. "మంచం మీంచి ఎలా లేపాలని. తర్వాత, రోగి విసుక్కుంటే ఏం చేస్తావని."

"అవన్నీ మనం అనుకున్నవే!" జోరిత్సా ముఖం విప్పారింది. "మరి నీ సంగతి?"

"ఫోన్ చేస్తామన్నారు."

"హమ్మయ్య! అయితే వీళ్లు నిజాయితీ మనుషులేనే. పోయినసారి వెళ్లిన చోట నన్నొక్క ప్రశ్నైనా అడగలేదు తెలుసా? అడిగితే చాలు, నేను చెప్పుకుంటాను."

లోపలినుంచి ఆమె పేరు పిలిచారు. జోరిత్సా జుట్టు సవరించుకుంది, పెదాలు కదిలిస్తూ జవాబు ఒకసారి మననం చేసుకుంది, వేలితో తలుపు మెల్లగా తట్టింది.

నెవెన ఆపలేదు.