పదకొండూ ఇరవై ఐదుకి వచ్చిన ఫోను

నేను ఒక పాత మొబైల్ ఫోన్ని. పాలకొల్లు బస్టాండు ఎదురుగా ఉన్న రిపేరు కొట్టులో, బల్ల కింద అట్టపెట్టెలో ఉన్నాను. నాతోపాటు ఇంకో ముప్ఫై మంది ఉన్నారు, ఒక్కరికీ ఒళ్ళు పూర్తిగా బాగాలేదు. నా తెర ఊడదీసి ఎవరికో వేసేశారు, స్పీకరు కూడా రేపో మాపో పోతుంది. మీతో మాట్లాడడానికి నాకిదే ఆఖరి అవకాశం కనక అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కిందటి శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఏసుపాదం అనే లైన్‌మన్ కరెంటు స్తంభం మీద చచ్చిపోయాడు. అడక్కుండా ఎక్కాడు, అందుకే పోయాడని కాగితాల్లో రాసుకున్నారు. అది అబద్ధం. అతను పదకొండూ ఇరవై ఐదుకి నాకు ఫోను చేసి, అడిగి, సరే అనిపించుకుని ఎక్కాడు. ఆ మాటలు చెవులారా విన్నవాళ్ళం ఇద్దరమే. రెండోవాడు చెప్పడు, నేను చెప్తే వినేవాళ్ళు లేరు.

నేను పుట్టింది తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో. తలకు టోపీ, మూతికి గుడ్డ, కళ్ళు తప్ప ఏమీ కనపడని ఆడపిల్లలు నన్ను బిగించారు. రోజుకి వేల ఫోన్లు చేసే ఆ పిల్లల ఫోన్లు మాత్రం పొద్దున్నే గేటు దగ్గర తీసేసుకునేవాళ్ళు. ఇంట్లో తల్లికి జ్వరం తగ్గిందో లేదో తెలుసుకోవాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సిందే. మనుషుల తీరు నాకు అక్కడే కొంచెం అర్థమైంది. నాతోపాటు పెట్టెలో ఒక చిన్న పుస్తకం పెట్టారు. నన్ను ఎలా వాడితే ప్రమాదం లేదో అందులో ఉంది. బండి నడుపుతూ మాట్లాడకండి, తడి చేతులతో ముట్టుకోకండి, చార్జింగులో ఉండగా వాడకండి, దిండు కింద పెట్టుకుని పడుకోకండి, ఇలాగ. ఆ అక్షరాల సైజు చూస్తే, ఎవరైనా చదవాలని రాసినవి కావేమోనని నాకు అనుమానం వచ్చింది.

నన్ను మొదట కొన్నది ఫణీంద్ర, ఒక మందుల కంపెనీ రెప్రెజెంటేటివ్. ఆ పుస్తకాన్ని పెట్టెలోంచి తియ్యను కూడా లేదు. హెల్మెట్టుకీ చెంపకీ మధ్య నన్ను దూర్చి, భీమవరం నుంచి నరసాపురం దాకా డాక్టర్లతో మాట్లాడుకుంటూ బండి నడిపేవాడు. అతని చెమట తాగి తాగి నాకు చెవుడు వచ్చినంత పనైంది. ఒకరోజు వంతెన మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుంటే, నాలోకి "అలాగే సార్, అలాగే సార్" అంటూనే వెళ్ళి దానికి తగిలాడు. అతని జబ్బ విరిగింది, నా మూల పగిలింది. ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి ముందు అడిగింది నా గురించే. వాళ్ళమ్మ మాత్రం నా మొహం చూడడానికి ఇష్టపడక అమ్మేయించింది. ఆవిడ చేసింది న్యాయమే.

అలా సెకండ్ హ్యాండులో నన్ను కొనుక్కున్నారు తాతారావు గారు. రొయ్యల చెరువుల మధ్య, కాలవ గట్టును ఆనుకుని ఒక చిన్న సబ్‌స్టేషన్ ఉంది. అందులో ఆయన ఆపరేటరు. చుట్టుపక్కల ఊళ్ళకి కరెంటు వదలడం, ఆపడం ఆయన పని. యాభై దాటిన సన్నటి మనిషి, నుదుట విబూది. ఫోను జాగ్రత్తగా వాడడంలో అంతటివారిని నేను చూడలేదు. నన్ను గుండె మీది జేబులో పెట్టుకునేవారు కాదు. చార్జింగులో పెడితే నిండేదాకా ముట్టుకునేవారు కాదు, ఎవరు ఎంత మోగించినా సరే. ముక్కూ మొహం తెలియనివాడు ఫోను చేసి బ్యాంకు అంకెలు అడిగితే వాడికి నాలుగు నీతులు చెప్పి పెట్టేసేవారు. ఫలానా ఊళ్ళో ఫోను పేలిందని ఎక్కడ చదివినా దాన్ని పదిమందికీ పంపి, సబ్‌స్టేషన్ ఊడ్చే మాణిక్యాన్ని పిలిచి పైకి చదివి వినిపించేవారు. ఆ చేతిలో పడ్డందుకు నేను గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

అయితే నన్ను వాడకూడని పని ఒకటుంది. ఆయన నన్ను ఎక్కువగా వాడింది దానికే.

లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌కి రావాలి. ఫలానా లైను మీద పని చేస్తున్నాను, కరెంటు ఆపి ఉంచండి అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. దాన్ని ఎల్సీ అంటారు. ఆపరేటరు లైను ఆపి, స్విచ్చికి ఒక ఎర్ర అట్ట తగిలించాలి, 'లైను మీద మనిషి ఉన్నాడు' అని. ఇద్దరు ఎక్కితే రెండు అట్టలు. పని అయ్యాక ఆ మనిషి వచ్చి మళ్ళీ సంతకం పెడితేగాని అతని అట్ట తియ్యకూడదు. మంచి పద్ధతే. కానీ చెరువుల దగ్గర్నుంచి సబ్‌స్టేషన్‌కి గట్టు మీద ఏడు కిలోమీటర్లు, వానాకాలమైతే మోకాలి లోతు బురద. ఉన్న లైన్‌మన్లు ఇద్దరు. అందుకని ఎల్సీలన్నీ నా మీదే నడిచేవి. ఫోనులో అడగడం, ఫోనులోనే ఇచ్చేయడం. సాయంత్రం డ్యూటీ దిగే ముందు తాతారావు గారు కళ్ళజోడు పెట్టుకుని, ఎవరెవరు ఎప్పుడు చేశారో నాలో చూసుకుంటూ పుస్తకం మొత్తం ఒక్కసారే నింపేవారు. సంతకాలు లైన్‌మన్లు వారానికోసారి వచ్చి గంపగుత్తగా పెట్టేవారు. ఈ సంగతి పై ఇంజనీరు ఏఈ గారికి తెలుసు, ఆయన పైవాళ్ళకీ తెలుసు. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు కనక అదే పద్ధతి అనుకున్నారు.

ఆ రోజు పొద్దుటి గాలికి లైను రెండు చోట్ల దెబ్బతింది. పదకొండుకి సూరిబాబు అనే లైన్‌మన్ ఫోను చేశాడు, రోడ్డు పక్క స్తంభం ఎక్కుతున్నానని. తాతారావు గారు లైను ఆపి అట్ట తగిలించారు. పదకొండూ ఇరవై ఐదుకి ఏసుపాదం చేశాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, మాట మెత్తన. ఫోనులో కూడా లేచి నిలబడి మాట్లాడే రకం.

"లైను ఎలాగూ ఆపే ఉందంట కదండి, సూరిబాబు సెప్పేడు. సెరువుల కాడ తీగ తెగిందండి, నేనూ ఎక్కుతున్నాను. నా ఎల్సీ కూడా రాసుకోండి."

"సరే. నువ్వు దిగి ఫోను చేసేదాకా వెయ్యను. పూచీ నాది" అన్నారు తాతారావు గారు.

లైను ఆగే ఉంది, అట్ట ఒకటి ఉండనే ఉంది అని రెండో అట్ట తగిలించలేదు. పుస్తకం సొరుగులో ఉంది. స్తంభం ఎక్కేవాడు పొరపాటున కరెంటు వచ్చినా తనని తాకకుండా తీగల్ని భూమికి కలుపుకోవాలి. దానికి ఆఫీసువాళ్ళు ఇచ్చిన సరంజామా ఒక్కటే జత, అది సూరిబాబు దగ్గర ఉంది. ఇక ఏసుపాదానికి ఉన్నదల్లా ఆ మాటే.

ముసురు పట్టిన రోజున చెరువులో రొయ్యకి గాలాడదు. నీళ్ళు చిలికే చక్రాలు తిరగాలి, వాటికి కరెంటు కావాలి. పదకొండున్నర నుంచి చెరువులవాళ్ళు మొదలుపెట్టారు. కరెంటు ఎప్పుడండి, ఇంకా ఎంతసేపండి, రొయ్య తేలిపోతోందండి. గంటలో నలభై మూడు ఫోన్లు వచ్చాయి. తాతారావు గారు ఒక్కటీ వదలకుండా ఎత్తి, అందరికీ మర్యాదగానే చెప్పారు. ఫోను వచ్చిన ప్రతిసారీ నా తెర మీద ఏసుపాదం పేరు ఒక్కో వరస కిందకి దిగింది. పన్నెండు కాకుండానే అది తెర కిందకి పోయింది.

పన్నెండున్నరకి సూరిబాబు పని అయిపోయిందని చెప్పాడు. తాతారావు గారు నన్ను పెట్టెయ్యకుండా కాసేపు చేతిలోనే పట్టుకున్నారు. ఆయనకు అనుమానం వచ్చింది, అది నేను చూశాను, ఆ మాట దాచను. బొటనవేలితో నన్ను పైకి తోశారు. చెరువులవాళ్ళ పేర్లే. ఇంకోసారి తోశారు. మళ్ళీ చెరువులవాళ్ళే. ఇంకొక్క నాలుగుసార్లు తోసి ఉంటే ఏసుపాదం కనపడేవాడు. ఇంతలో ఏఈ గారి ఫోను అడ్డొచ్చింది. పెద్ద చెరువుల ఆసామి ఆయన్ని చంపుకు తింటున్నాడట, ఇంకా ఎందుకు ఇవ్వలేదని గట్టిగా అడిగారు. సూరిబాబు దిగాడండి, ఇచ్చేస్తున్నానండి అన్నారు తాతారావు గారు. అప్పటికి నాలో ప్రాణం నాలుగు శాతమే ఉంది. నన్ను చార్జింగుకి పెట్టి, ఎర్ర అట్ట తీయడానికి స్విచ్చుల గదిలోకి నడిచారు.

అప్పుడు నేను మోగాను. ఏసుపాదం. పేరు తెర మీద పెద్ద అక్షరాలతో పడింది. గుమ్మంలో చీపురు పట్టుకుని మాణిక్యం ఉంది, ఆవిడకు చదువు రాదు.

"ఫోను మోగుతుందండి" అంది.

"చార్జింగులో ఉండగా ఎత్తకూడదని ఎన్నిసార్లు చెప్పాను మాణిక్యం. చెరువులవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళడిగిందే ఇస్తున్నాను."

నేను మోగాను, ఒళ్ళంతా అదిరేలా మోగాను, బల్ల అంచుదాకా జరిగాను. అంతకంటే నాకేమీ చేతకాదు. అర నిమిషం అయ్యాక ఆగిపోయాను.

ఏసుపాదం ఎందుకు చేశాడో తరవాత చెరువు కాపలాదారు వెంకన్న చెప్పాడు. మధ్యాహ్నం అన్నం క్యారేజీతో వెంకన్న అప్పుడే అక్కడికి వచ్చాడు. ఒక స్తంభం అయిపోయింది, పక్కదాని మీద కూడా కొంచెం పని ఉంది, ఇంకో అరగంట పడుతుందని చెప్పడానికి ఏసుపాదం ఫోను చేశాడు. ఎత్తలేదు. పనిలో ఉన్నట్టున్నారు అంటూ ఎక్కాడు. పూచీ అన్న మాట నమ్ముకునే ఎక్కాడని నా ఊహ.

స్విచ్చి వేయగానే దానంతటదే ఎగిరి లైను ఆగిపోయింది. అంటే తీగకి ఏదో తగిలిందని. ఏ కొమ్మో తగిలితే అలాగే ఎగురుతుంది కనక ఇంకోసారి వేసి చూడడం అక్కడి అలవాటు. తాతారావు గారు ఇంకోసారి వేశారు. ఈసారి నిలబడింది. చెరువుల్లో చక్రాలు తిరిగాయి, చెరువులవాళ్ళ ఫోన్లు ఆగిపోయాయి. అమ్మయ్య అంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఏడు నిమిషాల తరవాత వెంకన్న ఫోను. నాలుగోసారి మోగాక, ఎన్నడూ లేనిది, చార్జరు తీగ పీకి నన్ను ఎత్తారు. విన్నారు. అలాగే నేల మీద కూర్చుండిపోయారు. ఆ క్షణాన ఆయన కోసం కూడా నాకు ఏడుపొచ్చింది.

గంటలో జీపు వచ్చింది. తాతారావు గారు జరిగింది చెప్తే విని, ఏఈ గారు ముందు పుస్తకం తెరిచి చూశారు. ఆ రోజు పేజీ ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండడమే మంచిదైందన్నట్టు ఆయన మొహం తేటపడింది. ఒక్క ఎల్సీ రాయమన్నారు, సూరిబాబుది. రెండు రాస్తే ముందు తాతారావు గారు జైలుకి వెళ్తారని, వెనక తను వెళ్తానని, పోయినవాడు ఎలాగూ తిరిగిరాడని నెమ్మదిగా, దాదాపు ప్రేమగా చెప్పారు. ఏసుపాదం ఫోను అతనితోపాటు చెరువులో పడి పాడైపోయిందని కూడా చెప్పారు.

"మీ ఫోనులో ఏముందో ఒకసారి చూసుకోండి" అని బయట వరండాలోకి వెళ్ళిపోయారు.

ఈసారి తాతారావు గారికి తొందర లేదు. బొటనవేలితో తోసుకుంటూ, తోసుకుంటూ పదకొండూ ఇరవై ఐదు దాకా వెళ్ళారు. పేరు మీద వేలు నొక్కి ఉంచారు. నిజంగా తీసేయాలా అని నేను అడిగాను. అది నా అలవాటు, ఎవరు ఏది తీసేస్తున్నా ఒకసారి అడుగుతాను. అవునన్నారు. ఆయన ఎత్తని ఫోను దగ్గర కూడా అడిగాను. దానికీ అవునన్నారు. అప్పటినుంచి ఆయన్ని గారు అనడం నాకు చేతకావడం లేదు.

మీరు ఫోను వాడేవాళ్ళే కనక మీకు తెలిసే ఉంటుంది, నాలోంచి తీసేసినంత మాత్రాన అది ఎక్కడా లేకుండా పోదు. సిమ్ కార్డు కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. అడగాల్సినవాళ్ళు అడగలేదు. విచారణకి వచ్చినవాళ్ళు వెంకన్నని పిలిచారు. ఫోను చేశాడండి, అవతల ఎత్తలేదండి, అయినా ఎక్కాడండి అని చూసింది చూసినట్టు చెప్పాడు. పదకొండూ ఇరవై ఐదు సంగతి అతనికి తెలియదు. ఎత్తకపోయినా ఎక్కాడంటే అనుమతి లేకుండా ఎక్కినట్టే కదా అని రాసుకున్నారు. సొంత నిర్లక్ష్యం అని తేలింది. దాంతో ఇంటివాళ్ళకి రావలసిన పరిహారమూ ఉద్యోగమూ ఆగిపోయాయి.

ఆ తరవాత తాతారావు నన్ను ఇక్కడ పడేసి కొత్త ఫోను కొనుక్కున్నాడు. కానీ అంతకు రెండు రోజుల ముందు ఏసుపాదం భార్య సువార్త సబ్‌స్టేషన్‌కి వచ్చింది. జ్ఞాపకార్థ కూటం అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. ఏడు కిలోమీటర్లూ గట్టు మీద నడిచి వచ్చినట్టుంది, చీర అంచంతా బురద. కూర్చోమంటే కూర్చోలేదు. పరిహారం గురించి కానీ ఉద్యోగం గురించి కానీ అడగలేదు.

"మీరు పెద్దోరు, ఒక్క మాట సెప్పండి బాబూ. మా ఆయన మీకు ఫోను సేసి ఎక్కేరా, సెయ్యకుండా ఎక్కేరా?"

తాతారావు చేతిలో నేను ఉన్నాను. నన్ను చాలాసేపు చూశాడు. నా దగ్గర చూపించడానికి ఏమీ మిగలలేదు. ఉండి ఉంటే, దేవుడి సాక్షిగా, ఆవిడ కళ్ళ ముందు వెలిగేవాణ్ణి.

"చెయ్యలేదమ్మా" అన్నాడు.

సువార్త తలూపింది. నమ్మింది. ఇంకేం చేస్తుంది, అంత పెద్దమనిషి, నుదుట విబూది. కాసేపు ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఆవిడకు కోపం వచ్చింది, అదీ చచ్చిపోయినవాడి మీద. రోజూ పొద్దున్నే అన్నం క్యారేజీ చేతికిచ్చేటప్పుడు చెప్పేదట, అడక్కుండా ఎక్కకు, అడక్కుండా ఎక్కకు అని. అతను రోజూ సరేననేవాడట.

"వినలేదండి. ఒక్క ఫోను సేసి ఎక్కుంటే బతికుండేవారు కదండి."

"అవునమ్మా" అన్నాడు తాతారావు.

ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు ఎక్కింది. నాకు వినిపించినంత దూరమూ మొగుణ్ణి తిట్టుకుంటూనే వెళ్ళింది.