అవాలిలో నార్వే పంచాయితీ

ఊలవ్ దొర మంచివాడే గానీ, ఆయనకో పిచ్చి ఉంది. నార్వేలో రాతలు రెండు రకాలట. పట్నం వాళ్ల రాత ఒకటి. పల్లె జనం మాటల్ని ఏరి కూర్చిన రాత ఇంకొకటి. ఈ రెండోది రాసేవాళ్లు తక్కువ. దాన్ని బతికించడానికి అక్కడో సంఘం ఉంటే, దాని కొమ్మ ఒకటి తెచ్చి బహ్రెయిన్‌లో నాటాడీయన. ఒంటెలే నీడ వెతుక్కునే చోట! ఆ కొమ్మకి ఆకులు రెండే: దొర, ఆయన భార్య సిగ్రిడ్ మేడం. ఆమెది ఓస్లో పట్నం. మొగుడి పోరు పడలేక చేరింది.

అక్కడి చమురు కంపెనీ ఊరు అవాలిలో వాళ్లింట వంట చేసేది జగిత్యాల వైపు పోశన్న. సంఘం మీటింగంటే అతనికి తెలిసింది ఒకటే, చప్పిడి చేపలు ఉడకేయడం.

తొంభై మూడు మే నెలలో నార్వే వాళ్ల జెండా పండగొచ్చింది. విందు వీళ్లింట్లోనే. పిలుపు కార్డు ఏ రాతలో వేయాలన్న దగ్గర మొగుడూ పెళ్లాలకు చెడింది. మేడం సంఘానికి రాజీనామా ఇచ్చి, విమానం టికెట్టు కూడా కొనేసింది. "నువ్వు పోతే ఇల్లు మూసేసి కంపెనీ క్యాంపులో ఉంటా" అన్నాడు దొర.

ఆ మాట పోశన్న చెవిన పడింది. పక్కింటి డ్రైవరు, కోనసీమ బుల్లబ్బాయి దగ్గరికి ఉరికాడు.

"ఓ బుల్లబ్బాయ్, జెర పెద్దమనిషివై కూసోవాలె. మేడం పోతే ఇల్లు బంద్. ఇల్లు బందైతే నా వీసా ఖలాస్!"

"దొరల తగువులో నేనేంటి బాబూ, నవ్విపోతారు!"

"మా ఊర్ల గంతే. పెద్దమనిషి సుట్టం కావొద్దు. నీకూ నాకూ ఏ సుట్టరికం లేదాయె."

పోశన్న ఊళ్లో ఆలుమగల తగువుకి పద్ధతుంది. చాప మీద కూర్చోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఏదైనా పెద్దమనిషికే చెప్పుకోవాలి. తప్పున్నవాళ్లు దండుగ కట్టాలి. ఆ దండుగతో అందరూ కలిసి మాంసం తినాలి. ఇండియా ఆచారమని చెప్తే, దొర సరదాపడి చాప మీద కూర్చున్నాడు. మేడం మూతి తిప్పుకుని కూర్చుంది.

బుల్లబ్బాయి మీసం సవరించుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో తీర్పు మొదలెట్టాడు.

"కార్డుకి రెండు వైపులున్నాయి కదండీ. ఓ వైపు మీదీ, ఓ వైపు ఆవిడదీ."

"ముందు వైపు ఎవరిది?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

బుల్లబ్బాయి మీసం వదిలేశాడు. "అయితే వినండి. నాదీ తెలుగే, ఈ పోశన్నదీ తెలుగే. కానీ వీడిది అడివి తెలుగండీ. గిట్ల, గట్ల అంటాడు, మేం పడీపడీ నవ్వుతాం. వీడు నోర్మూసుకుంటాడు. పల్లె రాతవాళ్లూ అలాగే సర్దుకోవాలి. మేడం గెలిచారు!"

పోశన్న తల వంచుకున్నాడు. వీసా కోసం ఇదీ మింగుదామనుకున్నాడు.

గెలిచిన మేడమే చివాల్న లేచింది. "అతని మాట అతనిది! నవ్వడానికి నువ్వెవడివి?" అంటూ బుల్లబ్బాయిని గోడదాకా తోలింది.

దొర మాత్రం పద్ధతి తప్పలేదు. "పెద్దమనిషీ," అన్నాడు మెల్లగా, "పెళ్లైన దగ్గర్నుంచీ నేను చెప్పేది ఇదేనని ఆవిడకి చెప్పండి."

మేడం ఆగిపోయింది. "వినబడిందని ఆయనకి చెప్పు" అంది. అని, నవ్వాపుకోలేక చాప మీద కూలబడింది.

తర్వాత లేచి ఫోనందుకుని టికెట్టు రద్దు చేయించింది.

పోశన్నకు ప్రాణం లేచొచ్చింది. బుల్లబ్బాయి వైపు తిరిగాడు. "ఇగ నువ్వు దండుగ గట్టాలె."

"పెద్దమనిషికి దండుగేంట్రా?"

"తప్పెవలిదైతే వాళ్లే గడ్తరు. యల్లా, నడువ్, కోడి తేపో!"

గొణుక్కుంటూ పోయి తెచ్చాడు. పోశన్న దాన్ని కాళ్లు పట్టి ఎత్తి చూశాడు.

"గిది కోడా, పిట్టనా? పెద్దమనిషివి, జెర పెద్దది తేవద్దానె?"